చిలుకక్క ఇంటి నల్లా

2 మార్చి 1983

ఎడమ చేత్తో రాస్తున్నాను. నా పేరు ఉప్పలయ్య.

3 మార్చి

దవాఖానలో డాక్టరమ్మ రోజూ రాయమంది. రాశాను.

5 మార్చి

అక్షరాలు మొన్నటికన్నా నిటారుగా ఉన్నాయి. కుడి చేయి బాగానే ఉంది. నొప్పి లేదు.

6 మార్చి

నొప్పి ఉంది.

9 మార్చి

నూనె మిల్లు నుంచి మేనేజరు సాబ్ కబురు పంపాడు. పదమూడేళ్లు బాయిలరు దగ్గర పైపుల ఫిట్టరుగా చేశాను కాబట్టి నన్ను వదిలేయరట. గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇస్తారట. ఏప్రిల్ ఆఖరులోగా వెళ్లి సంతకం పెట్టాలి.

నా భార్య సమ్మమ్మ బీడీలు చుట్టడం ఆపి నా ముఖం వైపు చూసింది.

"నయమే. కూసుండి చేసే పని," అన్నాను.

ఆమె మళ్లీ బీడీ ఆకు అందుకుంది. కూర్చుని చేసే పని. నయమే.

10 మార్చి

మిల్లులో యంత్రం బెల్టు కుడి చేతి మూడు వేళ్లు తీసుకుపోయింది. బొటనవేలూ చిటికెన వేలూ ఉన్నాయి. ఆ రెండింటితో గ్లాసు పట్టుకోవడం నేర్చుకోమని డాక్టరమ్మ అంటుంది. నేను పట్టుకోను.

12 మార్చి

పక్కింటి చిలుకక్క పొద్దున్నే గోడ మీదుగా పిలిచింది. ఆమె నూలుకు రంగులు వేస్తుంది. భర్త సారయ్య ఆ నూలుతో మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. మేం కొత్తవాడలో ఈ ఇంట్లో దిగిన నాటి నుంచి ఆమె నాకు అక్క, ఆయన బావ.

చేతిలో తడి ఆరని నూలు చుట్ట, చిలప, ఉంది. గోడ మీద పరిచింది.

"తమ్మీ, జర గీ పసుపు చూడు. పసుపు లెక్క ఉన్నదా?"

లేదు. ఎండిపోయిన గడ్డి రంగులో ఉంది.

"నేత సంఘపోళ్లు రెండుసార్లు వాపస్ పంపిండ్లు. ఢిల్లీకి పోయే జంపఖానాలాయె. మూడోసారి గిట్లనే ఉంటే రంగుల పని వేరేటోళ్లకు ఇస్తమన్నరు. వాళ్లనేం అంటం? రంగే బాగలేదాయె. రంగు డబ్బ మార్చిన, కుండ మార్చిన, పొయ్యి కట్టెలు సుత మార్చిన. ఏం జేసినా గింతే."

"నీళ్లు ఎక్కడియి?"

"నల్లా నీళ్లే. బాయి ఎండి నెల దాటింది గదా."

నాకెందుకని లోపలికి వచ్చాను.

13 మార్చి

పొద్దున నల్లా వచ్చినప్పుడు రెండు గాజు గ్లాసులు తీసుకున్నాను. ఒకటి మా నల్లా కింద పట్టాను. రెండోది చిలుకక్క పట్టి గోడ మీదుగా అందించింది. రెండింటినీ కిటికీలో పెట్టాను. మధ్యాహ్నానికి మా గ్లాసు అలాగే ఉంది. ఆమె గ్లాసు అడుగున ఇటుక పొడిలాంటిది గోరు మందాన పేరుకుంది.

వీధిలో గొట్టం ఒక్కటే. నీళ్లు ఒక్కటే. తేడా ఇంటి లోపలి పైపులో ఉంది. మా ఇంటి పైపులు నేను ఆరేళ్ల కింద మార్చాను. వాళ్లవి సారయ్య బావ నాయన వేయించినవి. తుప్పు పట్టకుండా వేసే జస్తు పూత ఎప్పుడో పోయి ఉంటుంది. లోపల ఇనుము కరిగి నీళ్లలో కలుస్తోంది. ఆ నీళ్లలో ఏ రంగు వేసినా మాడిపోతుంది.

గోడ దగ్గరికి వెళ్లి ఈ మాటే చెప్పాను. చూసి చెప్పాను, అంతే.

14 మార్చి

చిలుకక్క మా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది.

నల్లాల పని చేసే ఒకాయన వచ్చి చూసిపోయాడట. పైపు మగ్గం గుంత కిందినుంచి పోతోంది, మగ్గం పీకి నేలంతా తవ్వాలి, ఇరవై రోజులు పడుతుంది అన్నాడట. సంఘానికి నూలు చూపించాల్సింది ఏప్రిల్ ఇరవైన. మగ్గం పీకితే మళ్లీ నిలబెట్టే బలం సారయ్య బావకు లేదు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం.

"నువ్వు జెయ్యరాదు తమ్మీ?"

కుడి చేయి చూపించాను. సాధారణంగా దాన్ని తువ్వాలు కింద పెట్టుకుంటాను. ఆమె చూపు తిప్పుకోలేదు. అటూ ఇటూ తిప్పి మరీ చూసింది.

"చేయి సంగతి నేనడగలే. పని ఎర్కేనా అని అడుగుతాన."

"ఎర్కే. ఎర్కైతే ఏం లాభం?"

"నువ్వు చెప్పు. నేను జేస్త. ఇరవై ఐదేండ్ల సంది తడి నూలు పిండుతాన." మోచేతి దాకా చీర కొంగు తీసి తన చేయి చూపించింది. పసుపూ ఎరుపూ నీలమూ గోళ్లలో ఇంకిపోయిన చేయి. మణికట్టు నా మణికట్టుకన్నా లావు.

కుదరదన్నాను. ఆడవాళ్ల పని కాదని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

15 మార్చి

వాళ్ల ఇంటికి వెళ్లాను. చూడటానికే.

నల్లా విప్పించి పైపు మూతి చూశాను. అర ఇంచు పైపులో పెన్సిల్ దూరేంత సందు మిగిలింది. తీగ పెట్టి గీకితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. గేటు దగ్గరి నుంచి వెనక రంగుల పాక దాకా అడుగులు వేసి కొలిచాను. నేల తవ్వాల్సిన పనే లేదు. పాత పైపును అక్కడే వదిలేసి, కొత్తది గోడ వెంట పైనుంచి తీసుకుపోవచ్చు. మగ్గం జోలికి పోనక్కర లేదు.

సారయ్య బావ మగ్గం మీది నుంచే విన్నాడు. "గంతేనా?" అన్నాడు. నవ్వాడు. నెలన్నర తరువాత ఆయన నవ్వడం ఇదే మొదలట. చిలుకక్క అన్నది.

అర ఇంచు వద్దు, ముప్పావు ఇంచు తెమ్మన్నాను. ఏమేం కావాలో ఎడమ చేత్తో చీటీ రాసిచ్చాను. దుకాణంవాడు చదవగలిగితే చాలు.

18 మార్చి

పైపులు వచ్చాయి. దుకాణంవాడు చదవగలిగాడు.

19 మార్చి

మంచం కింద గోనెసంచిలో నా సామాను ఉంది. ఏడు నెలలుగా ముట్టుకోలేదు. తుప్పు పట్టి ఉంటుందనుకుంటూ సంచి విప్పాను. పైపు పానాలు రెండు, పైపు చివర మెలి గాడి, అదే మర, కోసే డై, పైపు బిగించే వైసు. అన్నీ నూనె రాసి, పాత గుడ్డల్లో చుట్టి ఉన్నాయి.

సమ్మమ్మ వైపు చూశాను. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూ తల ఎత్తలేదు.

"ఎవలు రాసిండ్లు నూనె?"

"ఎవలు రాస్తరు? నేనే. అమాసకొకపారి."

సంచి భుజాన వేసుకుని పక్కింటికి వెళ్లాను.

21 మార్చి

పైపు చివర మర కోయడం చెప్పాను. డై తొడిగి, రెండు పిడులూ పట్టి సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు. వెనక్కు తిప్పితేనే ఇనుప రజను రాలుతుంది. చిలుకక్క మూడు చుట్లు ఏకబిగిన ముందుకే తోసింది. బలం ఉంది కదా. మర చీలిపోయింది. చేతి పొడవు పైపు పనికిరాకుండా పోయింది.

నేను కేకలు వేశాను. మిల్లులో కుర్రవాళ్ల మీద వేసినట్టే వేశాను.

ఆమె డై కింద పెట్టి చెమట తుడుచుకుంది. "తమ్మీ, నేను నీకన్న పన్నెండేండ్లు పెద్ద. నేర్పు. తిట్టకు."

నేను ఇంటికి వచ్చేశాను.

22 మార్చి

వెళ్లలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

23 మార్చి

వెళ్లలేదు. వాచ్‌మన్ పని నిజంగానే నయం. కూర్చుని చేసే పని.

24 మార్చి

పొద్దున్నే గోడ అవతల ఇనుము గీకుతున్న చప్పుడు. చాలాసేపు విన్నాను. సగం చుట్టు, ఆగడం, పావు చుట్టు వెనక్కు. సగం, ఆగడం, పావు. చెడిపోయిన ముక్క మీదే ఆమె ఒక్కతే సాధన చేస్తోంది. ఒకచోట చప్పుడు తేడాగా వచ్చింది. కూర్చున్నచోటి నుంచే అరిచాను.

"నూనె పొయ్యి, అక్కా. ఎండిపోయింది."

గీకుడు ఆగింది. "పోస్తాన," అని జవాబు వచ్చింది.

చెప్పులు వేసుకుని వెళ్లాను.

27 మార్చి

నాలుగు మరలు కోసింది. నాలుగోది నేను కోసినట్టే ఉంది. ఇంకా శుభ్రంగా ఉంది. ఆ మాట ఆమెకు చెప్పలేదు. చెప్పాలి.

30 మార్చి

జాయింటు బిగించే ముందు మర మీద సఫేదా అనే తెల్ల ముద్ద పూసి, నూలు దారం చుట్టాలి. లేకపోతే నీరు కారుతుంది. మిల్లులో కొత్తవాళ్లకు ఇది నేర్పడానికి నాకు నెల పట్టేది. మర తిరిగే వైపే దారం తిరగాలి, ఒక పోగు మీద ఇంకో పోగు ఎక్కకూడదు, చివర పలచబడాలి.

చిలుకక్క ఒక్కసారి చూసింది. తన నూలు నుంచే ఒక పోగు తీసి, కండెకు చుట్టినట్టు గిరగిరా చుట్టేసింది. పోగు పక్కన పోగు. ఒక్క ఎగుడూ దిగుడూ లేదు. నా పదమూడేళ్ల పనిలో అంత చక్కని చుట్టు నేను చుట్టలేదు.

ఈసారి చెప్పాను. మొన్నటి మర సంగతి కూడా కలిపి చెప్పాను.

"గీ మాత్రం మాట చెప్పెతందుకు మూడు దినాలు పట్టిందా?" అన్నది. సారయ్య బావ మగ్గంలో దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

4 ఏప్రిల్

గోడ పొడుగునా కొత్త పైపు నిలబడింది. మలుపుల దగ్గర ఎల్బోలు, పాకలో రెండు నల్లాలు, వంటింట్లో ఒకటి. ఇక మిగిలింది గేటు దగ్గరి జాయింటు. వీధి గొట్టం నుంచి వచ్చే ముక్కా ఇంటి పాత పైపూ కలిసే చోటు అది. దాన్ని విప్పి కొత్త పైపు కలపాలి.

నేల తవ్వి చూస్తే అది తుప్పు ముద్ద. కిరోసిన్ పోసి గుడ్డ చుట్టాం. రెండు రోజులు నాననివ్వాలి.

నాకు అది నచ్చలేదు. వీధి వైపు ముక్క కూడా పాతదే. ఇటు తిప్పేటప్పుడు అటు ముక్క కదిలితే నేల లోపల విరుగుతుంది. అప్పుడు చిలుకక్కకే కాదు, ఈ వాడలో ముప్పై ఇళ్లకు నీళ్లుండవు. అది తిరగకుండా ఇంకో పానాతో ఒకరు గట్టిగా పట్టుకోవాలి. గుంత ఇద్దరు మోకాళ్ల మీద కూర్చోవడానికే సరిపోతుంది. సారయ్య బావకు ఆయాసం.

ఎవరినైనా పిలుద్దామన్నాను.

5 ఏప్రిల్

ఎవరినీ పిలవలేదు.

6 ఏప్రిల్

ఇవాళ అయింది. మొదటి నుంచి రాస్తాను.

నీళ్లు ఆగిపోయాక, పది గంటలకు గుంతలో దిగాం. చిలుకక్క చీర గోచీ పోసి కట్టింది. బ్లో ల్యాంపుతో జాయింటును వేడి చేశాను. ఎర్రబడకముందే ఆపాను. సుత్తితో చుట్టూ తట్టాను. ఆమె తన పానా పెట్టింది. నేను వీధి వైపు పానా పెట్టాను, ఎడమ చేత్తో.

"తిప్పు."

ఆమె తిప్పింది. జాయింటు కదల్లేదు, నా పానా కదిలింది. వీధి పైపు వెంట్రుకవాసి తిరిగింది.

"ఆగు, ఆగు."

ఆగింది. ఇద్దరం పైపు వంక చూశాం. విరగలేదు. ఒక్క చేయి చాలదని ఇద్దరికీ అర్థమైంది. గేటు బయట నలుగురైదుగురు వాడవాళ్లు చేరారు. ఎవరో "విరిగిందా ఏంది?" అన్నారు.

చిలుకక్క నా వైపు వంగి మెల్లగా అన్నది. "చిలప పిండేటప్పుడు నేను వేళ్లతోని పిండను తమ్మీ. వేళ్లు ఎంతసేపు ఆగుతయ్? పిండే కట్టెను మణికట్టు కాడ, అరచేతి మడిమతోని అదిమి, మోచెయ్యి పక్కకు దగ్గర పెట్టి, పెయ్యంత ఏసి తిప్పుత. గట్ల పట్టు."

పానా పిడిని కుడి అరచేతి మడిమ కిందికి తెచ్చాను. బొటనవేలు ఒక పక్క, చిటికెన వేలు ఇంకో పక్క. మోచేతిని డొక్కకు ఆనించాను. పైన ఎడమ చేయి వేసి, ఒళ్లంతా దాని మీద మోపాను. ఏడు నెలల తరువాత ఆ చేతిలో ఇనుము చల్లగా తగిలింది.

"తిప్పు, అక్కా."

ఆమె తిప్పింది. నా పానా కదల్లేదు. ఆమె మెడ మీద నరాలు లేచాయి. నా అరచేతిలోకి పిడి దిగిపోతోంది. వదలనని మనసులో కాదు, పైకే అన్నాను. ఎన్నిసార్లు అన్నానో తెలియదు. అప్పుడు ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

ఇద్దరం కళ్లు మూసుకున్నాం. ముందు నేను తెరిచాను. వీధి పైపు ఉన్నచోటే ఉంది. వదులైంది జాయింటే. చిలుకక్క పానా పావు చుట్టు తిరిగి ఉంది. తరువాత చేత్తోనే తిప్పింది. ఊడి వచ్చింది.

కొత్త పైపు కలపడానికి గంట కూడా పట్టలేదు.

వాళ్ల ఇంట్లోనే అన్నం పెట్టారు. సమ్మమ్మ కూడా వచ్చింది. పళ్లెంలో చెంచా లేదు. దెబ్బ తగిలిన నాటి నుంచి ఎడమ చేత్తో, చెంచాతోనే తింటున్నాను. అడుగుదామనుకుని మరిచిపోయి కుడిచేత్తో కలుపుకుని తిన్నాను. సగం తిన్నాక గాని గమనించలేదు. సమ్మమ్మ అప్పటికే గమనించి, పచ్చిపులుసు వడ్డించే సాకుతో అటు తిరిగింది.

7 ఏప్రిల్

నీళ్లు వచ్చాయి.

అయిదున్నరకే వాడంతా వాళ్ల గేటు దగ్గర ఉంది. పైపులో ముందు గాలి బుస్సుమంది. తరువాత రెండు చెంబుల ఎర్రనీళ్లు కక్కింది. చిలుకక్క ముఖం పాలిపోయింది.

"ఫికర్ చెయ్యకు. గేటు కాడి మురికి అది," అన్నాను.

మూడో చెంబు తెల్లగా వచ్చింది. నాలుగోది ఇంకా తెల్లగా వచ్చింది. పాకలో నీళ్ల గోళెం అడుగు కనిపించింది. ధార ఎంత లావుగా ఉందంటే ముందు బిందె నిండడానికి పట్టేంత సేపట్లో ఇప్పుడు గోళెం నిండింది. సారయ్య బావ చెంబుడు నీళ్లు తాగి, ఇంకో చెంబు తాగాడు. ఒక ఎల్బో దగ్గర చుక్క కారింది. చిలుకక్క నన్ను అడగకుండానే పానా తెచ్చి పావు చుట్టు బిగించింది. ఆగిపోయింది.

9 ఏప్రిల్

పసుపు వేసింది. దండెం మీద ఇరవై చిలపలు. అటు చూస్తే కళ్లు చెదురుతున్నాయి. గోడ మీదుగా ఒక చిలప నా చేతిలో పెట్టింది. ఎండలోకి తిప్పి చూశాను. చెప్పడానికి ఏముంది, అది పసుపు.

14 ఏప్రిల్

నల్లా లైను తనిఖీకి మున్సిపాలిటీ ఫిట్టరు ఒకడు వచ్చాడు. గోడ వెంట నడుస్తూ ఒక్కో జాయింటూ తడిమి చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు.

"మంచిగ బిగించినవన్నా," అన్నాడు నాతో.

"నేను కాదు. గీ అక్క బిగించింది."

అతను నవ్వాడు. తరువాత ఆమె చేతులు చూశాడు. నవ్వడం మానేసి, దారం ఎలా చుట్టిందో చూపించమన్నాడు. చూపించింది. అరగంట కూర్చుని నేర్చుకుని వెళ్లాడు.

20 ఏప్రిల్

సంఘంవాళ్లు నూలు తీసుకున్నారు. మొత్తం. సెక్రెటరీ చిలపను ఎండలోకి పట్టుకెళ్లి చూసి, దసరా దాకా రంగుల పని చిలుకమ్మదే అని రాసిచ్చాడట. ఆమె ఆ కాగితం చదివించుకోవడానికి మా ఇంటికి తెచ్చింది. మూడుసార్లు చదివాను. మూడోసారి నేనే చదవాలనుకుని చదివాను.

26 ఏప్రిల్

రేపు మిల్లుకు వెళ్లాలి. సంతకం పెట్టాలి. కూర్చుని

27 ఏప్రిల్

సైకిల్ మీద వెళ్లాను. బెల్టు తగిలిన తరువాత సైకిల్ ఎక్కడం ఇదే మొదలు.

మేనేజరు సాబ్ బల్ల మీద వాచ్‌మన్ కాగితం సిద్ధంగా ఉంది. ఆయన లేడు. గానుగ షెడ్డులో ఆవిరి పైపు జాయింటు విప్పలేక పనంతా ఆగిపోయిందట, అక్కడున్నాడట. కుర్చీలో కూర్చుని ఎదురు చూడమన్నారు. కాసేపు కూర్చున్నాను. తరువాత షెడ్డుకు వెళ్లాను. చూడటానికే.

బాయిలరు చల్లారి ఉంది. ఫోర్‌మన్ రాజేశ్వర్ రావు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరు కుర్ర ఫిట్టర్లు పానాలతో కుస్తీ పడుతున్నారు. ఇద్దరూ వేళ్లతో పట్టుకుని గుంజుతున్నారు. అటు పానా కదిలిపోతోంది.

"విరుగుతది. ఇటియ్యి," అన్నాను.

నా గొంతు విని రాజేశ్వర్ రావు వెనక్కి తిరిగాడు. నా చేతి వైపు చూశాడు. ఏమనుకున్నాడో, ఒక కుర్రవాడి చేతిలోంచి పానా తీసి నాకిచ్చాడు.

పిడి అరచేతి మడిమ కింద. మోచేయి డొక్కకు. ఒళ్లంతా దాని మీద.

"ఇగ నువ్వు తిప్పు," అన్నాను రెండో కుర్రవాడితో.

రెండో తిప్పుకే విడిపోయింది. కొత్త ఎల్బోకు దారం నేనే చుట్టాను. చిలుకక్క చుట్టినంత చక్కగా రాలేదు, కానీ ఆవిరి వదిలి చూస్తే ఎక్కడా చుక్క రాలేదు. గానుగలు తిరగడం మొదలుపెట్టాయి.

"ఉప్పలయ్యా," అన్నాడు రాజేశ్వర్ రావు, "గిట్ల పట్టుడు ఎక్కడ నేర్చుకున్నవ్?"

"మా చిలుకక్క దగ్గర."

"ఏ మిల్లుల చేస్తది?"

"ఇంట్ల. నూలుకు రంగులేస్తది."

ఆయన మేనేజరు సాబ్ వైపు తిరిగాడు. "గేటుకు వేరేటోన్ని చూసుకోండ్రి సార్. ఈయన నాకు గావాలె." మేనేజరు సాబ్ ఆగిన గానుగలనూ, తిరుగుతున్న గానుగలనూ తలచుకున్నట్టు తల ఊపాడు. సోమవారం నుంచి మొదటి షిఫ్టు. ఫిట్టరుగా.

గేటు దాటి నడిచాను. ఎండ ఉంది. స్టేషన్ రోడ్డు మీద రిక్షావాడు పిలిచినా వద్దన్నాను. ఇంటికి వచ్చి సమ్మమ్మకు చెప్పాను. ఆమె బీడీల చాట పక్కకు నెట్టి, రెండు చేతులతో నా కుడి చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తరువాత వాకిలి వైపు చూసింది.

"సైకిల్ ఏదయ్యా?"

మిల్లులోనే మరిచిపోయి నడిచి వచ్చాను.